బీపీ మాత్రల ప్రభావం ఆలస్యంగా వస్తుంది: మా అమ్మాయి ఐసీయూ రోజులు

మా అమ్మాయికి పదహారేళ్ళు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతోంది. 2025 నవంబరు 11, మంగళవారం సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో వాళ్ళ నాయనమ్మ వేసుకునే బీపీ బిళ్ళలు ఎక్కువగా మింగింది. ఆ తరువాత అర్ధరాత్రి దాటే దాకా ఆమె నాడి, బీపీ, మాట, నడక అన్నీ మామూలుగానే ఉన్నాయి. అసలు ప్రమాదం ఆ తరువాతే మొదలైంది. ఇలా ఆలస్యంగా మొదలవుతుందన్న సంగతి మాకు అంతకు ముందు తెలియదు, మేము మొదట వెళ్ళిన చోట కూడా దాన్ని గుర్తించడం దాదాపు తప్పిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పని ఎందుకు చేసిందన్నది ఆమె సొంత విషయం, అది ఇక్కడ ఉండదు. మాత్ర పేరు, ఎన్ని మింగింది అన్నవి కూడా కావాలనే రాయడం లేదు. రాసినదంతా అమ్మాయి చదివింది, తీసేయమన్న వాక్యాలు తీసేశాను.

ఎనిమిదిన్నరకు ఆమే వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మతో చెప్పింది. "అమ్మా, నాకు భయంగా ఉంది" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. ఈ కథలో అన్నిటికంటే మేలు చేసిన పని అదేనని నేను నమ్ముతున్నాను, ఆ మాట ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను కూడా. పక్కింటావిడ చెంబు నిండా ఉప్పునీళ్ళు కలిపి తెచ్చి, తాగించి కక్కిద్దామన్నారు. గుంటూరులో మందుల దుకాణం నడిపే మా బావమరిదికి ఫోన్ చేస్తే, "బావా, ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు ఏవీ పట్టొద్దు. కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. ఖాళీ షీట్లన్నీ తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి" అన్నాడు. మంచం కింద పడినవి, చెత్తబుట్టలో ఉన్నవి, అన్నీ ఏరి కవరులో వేసుకున్నాం. ఆ తరువాత ప్రతి చోటా మొదట అడిగింది ఆ కవరునే.

తొమ్మిదింటికి మా ఊరి నర్సింగ్ హోంలో చూపించాం. బీపీ 110/70, నాడి 96. కుర్రవాడైన డ్యూటీ డాక్టరు ఒక సెలైన్ పెట్టి, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి, అన్నీ నార్మల్‌గా ఉన్నాయి కనుక ఇంటికి తీసుకెళ్ళి ఉదయం మళ్ళీ తీసుకురండి అన్నారు. ఆ మాట వినగానే నా కాళ్ళలో వణుకు తగ్గింది, నిజంగానే బయలుదేరబోయాం. అంతలో బావమరిది మళ్ళీ ఫోన్ చేసి, అది రోజుకు ఒక్కటే వేసుకునే రకం మాత్ర అని, ఒక్క బిళ్ళ ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుందంటే అది ఒంట్లో నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుందని అర్థమని, ఇప్పటి బీపీ చూసి ఏమీ తేల్చకూడదని గట్టిగా చెప్పాడు. ఫోన్ డాక్టరు చేతికిచ్చాను. ఆయన కోపగించుకోలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి, 1800 116 117 అనే ఉచిత నంబరుకు మా ఎదుటే ఫోన్ చేశారు. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. మాట్లాడాక ఆయన ముఖం మారింది. కనీసం ఇరవై నాలుగు గంటలు ఐసీయూ మానిటరు మీద ఉంచాలని, ఆ వసతి తమ దగ్గర లేదని చెప్పి, గుంటూరుకు రిఫరల్ కాగితం తానే రాసిచ్చారు. అందులో ఏ గంటకు మింగిందో, మాత్ర రకమేమిటో, చేసిన వైద్యమేమిటో స్పష్టంగా రాయడం మాకు తరువాత ఎంతో ఉపయోగపడింది.

అంబులెన్సుకు మూడు వేలు తీసుకున్నారు. దారి పొడుగునా అమ్మాయి వాళ్ళమ్మతో మాట్లాడుతూనే ఉంది, "నేను బాగానే ఉన్నాను కదా, వెనక్కి వెళ్ళిపోదాం" అని రెండు మూడుసార్లు అడిగింది కూడా. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేరేసరికి పదకొండు అయింది. పదహారేళ్ళ పిల్లను పిల్లల ఐసీయూలో చేర్చాలా, పెద్దల ఐసీయూలోనా అన్నది తేలడానికే అరగంట పట్టింది. చివరికి పెద్దల ఐసీయూలో, పిల్లల డాక్టరు కూడా వచ్చి చూసేలా చేర్చారు. ఆమె బరువెంత అని కనీసం నలుగురు వేర్వేరుగా అడిగారు. ఇవ్వబోయే ప్రతి మందూ కిలో లెక్కనే ఇస్తారట. మీ పిల్లల బరువు మీకు తెలిసి ఉంటే మంచిది. నల్లటి బొగ్గు పొడి కలిపిన ద్రవం తాగించారు, పళ్ళూ పెదవులూ నల్లబడ్డాయి. కడుపు కడగలేదు. ఇంత సమయం గడిచాక దానివల్ల ఒరిగేదేమీ లేదన్నారు. బంధువుల్లో ప్రతి ఒక్కరూ ఫోన్‌లో మొదట అడిగింది మాత్రం "కడుపు కడిగారా?" అనే.

యాభై వేలు డిపాజిట్ కట్టమన్నారు. నా దగ్గర కార్డులో ఉన్న ముప్ఫై వేలు కడితే, మిగిలింది తెల్లవారాక కట్టవచ్చని ఒప్పుకుని వైద్యం ఆపకుండా మొదలుపెట్టారు.

పన్నెండు గంటలకు బీపీ 106/64. నేను బయట కుర్చీలో కూర్చుని, అనవసరంగా ఇంత దూరం వచ్చామేమో అనుకున్నాను. రెండు గంటలకు 90/50 అయింది, నాడి 118కి పెరిగింది. మూడున్నరకు నన్ను లోపలికి పిలిచారు. మానిటరు మీద 68/36 అని ఉంది. అమ్మాయి మాత్రం కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి, "నాన్నా, దాహంగా ఉంది" అంది. బీపీ అంతగా పడిపోయిన మనిషి మాట్లాడగలదని నేను ఊహించలేదు. రాత్రి డ్యూటీలో ఉన్న ఇన్‌టెన్సివ్ కేర్ వైద్యురాలు నన్ను పక్కకు తీసుకెళ్ళి నిలబడే చెప్పారు: "మాస్టారూ, ఈ మందుతో ఉన్న ఇబ్బంది ఇదే. మెలకువగా ఉంటారు, మాట్లాడతారు, చూసేవాళ్ళు పర్వాలేదనుకుంటారు. మందు రక్తంలో గరిష్ఠానికి చేరడానికే ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఎక్కువ మింగితే ఇంకా ఆలస్యం కావచ్చు. ఇప్పుడు ఎక్కుతోంది."

ఆమె చెప్పిన దాన్ని నాకు అర్థమైనంతలో రాస్తాను. రక్తనాళాల గోడల్లోని కండరం బిగుసుకోవాలంటే దానిలోకి కాల్షియం వెళ్ళాలి. ఈ రకం మాత్రలు ఆ దారులను మూసేస్తాయి. బీపీ ఉన్నవారికి కాస్త మూసుకుంటే మేలు, మోతాదు మించితే నాళాలన్నీ ఒక్కసారిగా వదులైపోయి రక్తపోటు నిలబడదు. అప్పుడు గుండె వేగంగా కొట్టుకుని కొంతసేపు నెట్టుకొస్తుంది. పడుచు గుండె కనుక ఇంకాస్త ఎక్కువసేపు నెట్టుకొస్తుంది, అందుకే పిల్లల్లో బీపీ బాగానే కనిపిస్తూ ఉండి, పడిపోయేటప్పుడు తొందరగా పడిపోతుంది. మందు మరీ ఎక్కువైతే గుండె కండరం కూడా బలహీనపడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. ఆ రాత్రి తీసిన ఎకోలో, అంటే గుండె స్కానింగులో, గుండె పంపింగు బాగానే ఉందని, సమస్య ప్రస్తుతానికి నాళాలదేనని చెప్పారు. ఆ ఒక్క మాటను పట్టుకుని నేనూ నా భార్యా తెల్లవారేదాకా కూర్చున్నాం.

కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించారు, బీపీ కొంచెం లేచి మళ్ళీ పడింది. మెడ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం వేసి, రక్తనాళాలను బిగించి బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టారు. మణికట్టు దగ్గర ధమనిలోకి సన్నని గొట్టం పెట్టడంతో బీపీ క్షణక్షణం తెర మీద కనిపించసాగింది. ఐదు గంటలకు ఇన్సులిన్ ఇస్తాం, సంతకం చేయండి అన్నారు. మా అమ్మాయికి షుగరు వ్యాధి లేదు కదా అన్నాను. అప్పటికి ఆమె రక్తంలో చక్కెర 264 ఉంది. క్లోమం ఇన్సులిన్ విడుదల చేయడానికీ అదే కాల్షియం దారులు కావాలట, అవి మూసుకుపోవడంతో చక్కెర పెరిగింది. ఆపదలో ఉన్న గుండె కండరం గ్లూకోజు మీద ఆధారపడుతుంది కనుక, ఇన్సులిన్ పెద్ద మోతాదులో ఇచ్చి ఆ గ్లూకోజును కండరంలోకి పంపించడం ఈ వైద్యంలోని కిటుకు. ఈ విషానికి ఫలానా అని చెప్పగల విరుగుడు లేదని, డయాలసిస్ కూడా దీన్ని తీయలేదని, మందు దానంతట అది దిగిపోయేదాకా మనిషిని నిలబెట్టడమే వైద్యమని స్పష్టంగా చెప్పారు. ఒక షుగరు రోగి రోజంతా తీసుకునేంత ఇన్సులిన్ ఆమెకు గంటలో వెళ్ళింది. దానితోపాటు చిక్కటి గ్లూకోజు ఎక్కుతూనే ఉండాలి, మొదట్లో పావుగంటకోసారి వేలు గుచ్చి చక్కెర చూడాలి, పొటాషియం పడిపోతోందేమో రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. ఆ ఒక్క పని కోసమే ఒక సిస్టరు ఆమె మంచం పక్కన నిలబడిపోయారు.

ఇన్సులిన్ మొదలుపెట్టగానే ఏమీ జరగలేదు. ఫలితం కనిపించడానికి అరగంట నుంచి గంట పడుతుందని ముందే చెప్పారు, అయినా ఆ గంట నేను బతికిన అన్ని గంటలకంటే పొడవుగా గడిచింది. ఆరుంబావుకు 84/46 అయింది.

మరునాడు, అంటే 12వ తేదీ బుధవారం, పరిస్థితి మెరుగుపడుతుందనుకున్నాం. ఆ రోజే అన్నిటికంటే కష్టంగా గడిచింది. బీపీ నిలబెట్టడానికి రెండో మందు, వాసోప్రెసిన్, జోడించారు. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఎక్కించిన ద్రవాలు కొంత, ఆమె మింగిన మందు స్వభావం కొంత కారణమన్నారు. గాలిని ఒత్తిడితో లోపలికి పంపే, ముఖానికి బిగుతుగా పట్టే బైపాప్ మాస్కు పెట్టారు. అది పెట్టుకుని ఆమె మాట్లాడలేకపోయింది, కళ్ళతోనే అడిగేది, మేము జవాబు చెప్పేవాళ్ళం. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9కి చేరి, మూత్రం తగ్గింది. అవసరమైతే గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించే ఎక్మో కోసం వేరే ఆసుపత్రికి పంపవలసి రావచ్చని, అక్కడి వారితో ముందే మాట్లాడి ఉంచామని చెప్పారు. ఆ అవసరం రాలేదు. వస్తే ఎలా అన్న ఆలోచనతో నా భార్య ఆ రాత్రి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ రోజు ఉదయమే పోలీసు కానిస్టేబుల్ వచ్చారు. విషం కేసు కనుక ఆసుపత్రి దాన్ని ఎంఎల్‌సీగా, అంటే చట్టంతో సంబంధమున్న వైద్య కేసుగా, నమోదు చేసి స్టేషనుకు తెలియజేయడం మామూలు పద్ధతి. ఈ సంగతి తెలియక చాలామంది భయపడి, పొరపాటున మింగిందని చెప్పడమో, అసలు పెద్దాసుపత్రికే వెళ్ళకపోవడమో చేస్తారని అక్కడి సోషల్ వర్కరు చెప్పారు. ఎంఎల్‌సీ రాసినంత మాత్రాన పిల్ల నేరస్థురాలు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షనులో, ఇలాంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారిని విచారించి శిక్షించకూడదని ఉంది. ఆ కానిస్టేబుల్ కూడా మర్యాదగానే మాట్లాడారు. ఆమె మాట్లాడగలదని డాక్టరు కాగితం ఇచ్చాక, వాళ్ళమ్మ సమక్షంలో మహిళా కానిస్టేబుల్ వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. అదంతా ఇరవై నిమిషాల్లో పూర్తయింది. వైద్యులకు నిజం చెప్పడంలో వెనకాడవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. ఏ మాత్రో, ఎప్పుడో చెప్పకపోతే ఈ వైద్యం ఊహించి చేయగలిగేది కాదు.

13వ తేదీ గురువారం మధ్యాహ్నం నుంచి మందులు కొద్దికొద్దిగా తగ్గించడం మొదలుపెట్టారు. ఒకటి తగ్గించాక రెండు మూడు గంటలు ఆగి చూసేవారు. రాత్రి ఒకసారి తగ్గించింది మళ్ళీ పెంచవలసి వచ్చింది. ఆమె మింగిన మందు సగం దిగడానికే ముప్ఫై నుంచి యాభై గంటలు పడుతుందని ముందే చెప్పి ఉండకపోతే మేము ఆ రాత్రి కుంగిపోయేవాళ్ళం. శుక్రవారం సాయంత్రం ఇన్సులిన్ ఆపేశారు. అది ఆపాక చక్కెర పెరుగుతుందనుకున్నాను. దానికి విరుద్ధంగా రాత్రి పదకొండింటికి 58కి పడింది. ఒంట్లో పేరుకున్న ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, ఆపిన తరువాత కూడా దాదాపు ఒక రోజు గ్లూకోజు ఎక్కిస్తూ చక్కెర చూస్తూ ఉండాలట. సిస్టరు దాన్ని ఐదు నిమిషాల్లో సరిచేశారు. ఇంత నేర్పుగా, అలసట ముఖంలో కనిపించనివ్వకుండా పనిచేసే ఆ అమ్మాయిలకు ఎంత జీతం వస్తుందో అడిగి తెలుసుకున్నాక నాకు చాలా బాధ కలిగింది.

16వ తేదీ ఆదివారం వార్డుకు మార్చారు. ముఖమూ కాళ్ళూ వాచిపోయి ఉన్నాయి, ఎక్కించిన నీరంతా మూత్రంగా పోవడానికి మరో రెండు రోజులు పట్టింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. మొదటిసారి స్నానాలగదికి నడిపించినప్పుడు ఆమె బరువంతా నా భుజం మీద వేసింది. ఇక్కడొక చిన్న సలహా: ఐసీయూలో అయితే యంత్రాలు చూసుకుంటాయి, వార్డులో మాత్రం ఆమె లేచే ముందు కొంతసేపు మంచం అంచున కూర్చోబెట్టవలసింది మనమే.

సైకియాట్రిస్టు 17వ తేదీ వచ్చి, మమ్మల్ని బయటికి పంపి, గంటకు పైగా ఆమెతో మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారన్నది నాకు తెలియదు, తెలుసుకోవాలని పట్టుబట్టలేదు. మాతో మాత్రం, కొన్ని వారాలపాటు ఆమెను ప్రశ్నలతో తొలచవద్దని, "ఎందుకు చేశావు" అనే బదులు "ఇప్పుడెలా ఉంది" అని అడగమని, బంధువుల పరామర్శలు ఆమె దాకా రానివ్వవద్దని చెప్పారు. ఆ మూడో మాట పాటించడం చాలా కష్టమైంది. పళ్ళు పట్టుకుని గుమ్మం దాకా వచ్చినవారిని వెనక్కి పంపడం మా వైపు అలవాటు లేని పని. మా అమ్మే గుమ్మంలో కూర్చుని అందరికీ "పిల్ల పడుకుంది" అని చెప్పి పంపేసేది. తన మాత్రల వల్ల జరిగిందని ఆమె పడిన వేదన వేరు. నాయనమ్మా మనవరాలూ ఒకరినొకరు చూసుకుని ఏడ్చిన రోజు తరువాతే ఇద్దరూ సరిగా అన్నం తిన్నారు.

19వ తేదీ డిశ్చార్జి చేశారు. మొత్తం బిల్లు రెండు లక్షల డెబ్బై వేల దాకా వచ్చింది. అంత పని చేసిన ఇన్సులిన్ బుడ్డి ఒక్కొక్కటి రెండు వందల లోపే. ఖర్చంతా ఐసీయూ అద్దె, గొట్టాలు, రక్తపరీక్షలు, బైపాప్ యంత్రం, డాక్టర్ల విజిట్లది. చక్కెర చూసే పట్టీలకే పద్దెనిమిది వేలు వేశారు. నాకున్న ఆరోగ్య బీమా పాలసీలో, స్వయంగా చేసుకున్న హాని వర్తించదన్న నిబంధన ఉందని క్లెయిము తిరస్కరించారు. చట్టప్రకారం అడగగలిగింది ఏమైనా ఉందా అని ఒక వకీలును సంప్రదిస్తున్నాను. తేలే లోపల బంగారం కుదువపెట్టి కట్టాను. మీ పాలసీలో ఆ నిబంధన ఎలా రాసి ఉందో ఇప్పుడే ఒకసారి చదువుకోండి.

నవంబరు 26న మొదటి రివ్యూ. ఈసీజీ, ఎకో మళ్ళీ తీశారు, రెండూ బాగున్నాయి. క్రియాటినిన్ 0.8కి దిగింది. గుండెకు శాశ్వతమైన నష్టమేమీ లేదని, మందు పూర్తిగా దిగిపోయాక నాళాలు తిరిగి తమ పని తాము చేసుకుంటాయని గుండె డాక్టరు చెప్పారు. డిసెంబరు 10న ఇరవై నాలుగు గంటలూ గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేశారు, అందులోనూ ఏమీ లేదు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం, నిలబడితే వచ్చే తల తిరుగుడు డిసెంబరు మొదటివారానికి పోయాయి. అలసట మాత్రం ఇంకా ఉంది. మెడ మీద గొట్టం వేసిన చోటు మచ్చ గురించి ఆమె చాలా బాధపడింది, అది కూడా నెమ్మదిగా మానుతోంది.

ఇంట్లో ఇప్పుడు మా అమ్మ మాత్రలతో సహా అన్ని మందులూ తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. ఒక్కసారే మూడు నెలలకు కొనడం మానేసి వారానికి సరిపడా తెస్తున్నాం. ఈ పనిని ఆమె నుంచి దాచి చేయలేదు, సైకియాట్రిస్టు సలహా మీద ఆమెకు చెప్పే చేశాం. మొదట నొచ్చుకుంది, తరువాత తాళంచెవి ఎక్కడ పెడుతున్నారో తనకు తెలియకుండా చూడమని తానే అడిగింది. రెండు వారాలకోసారి కౌన్సెలింగుకు తీసుకెళ్తున్నాను, ఒక్కొక్కసారికి ఎనిమిది వందలు. మధ్యలో ఒక రాత్రి ఆమెకు మనసు బాగోలేనప్పుడు 14416కు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్‌కు, ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు, డబ్బు అడగలేదు, పేరు కోసం ఒత్తిడి చేయలేదు. అర్ధరాత్రి దాటాక కూడా ఎత్తారు.

డిశ్చార్జి అయ్యేటప్పుడు సమ్మరీ ఒక్కటే చేతికిచ్చి పంపుతారు. ఈసీజీ కాగితాలు, ఎకో నివేదికలు, మందుల చార్టు, ఎంఎల్‌సీ నంబరు అడిగి తీసుకోండి. గుండె డాక్టరు రివ్యూలో మొదట చూసింది 12వ తేదీ తెల్లవారుజామున తీసిన ఈసీజీనే, అది మా దగ్గర లేక రికార్డుల విభాగం చుట్టూ సగం రోజు తిరగవలసి వచ్చింది. తరువాతి రివ్యూ ఫిబ్రవరిలో. కాలేజీకి జనవరి 5 నుంచి ఒక పూట మాత్రమే వెళ్తోంది, పరుగులూ ఆటలూ ఫిబ్రవరి దాకా వద్దన్నారు.